సెయాబటా ఉపదేశి కంచరగాడిద

కొండల్లోని లెబోనెంగ్ ఊళ్లో సెయాబటా మోటారు సైకిలును ఎవరూ మోటారు సైకిలు అనరు. కంచరగాడిద అంటారు. ఆ పేరు పెట్టింది అతని బావమరిది తెఫో. బండి ఊళ్లోకి వచ్చిన రోజున తెఫో కంబళి భుజాన సర్దుకుని దాని చుట్టూ తిరిగాడు. గుర్రాల సంతలో పళ్లు చూసినట్టు ముందు చక్రం దగ్గర వంగి చూశాడు.

"బావా, దీని తల్లి గుర్రమా, తండ్రి గాడిదా? పట్నంలో కుర్రాళ్లు తోలే చిన్న బండి అనుకుందామంటే దానికన్నా బలిసుంది. తెల్లోళ్లు వేసుకొచ్చే ఏనుగుల్లాంటి బండ్లనుకుందామంటే వాటి పక్కన దూడలా ఉంది. తెస్తే అదన్నా తేవాలి, ఇదన్నా తేవాలి. ఈ నడిమిదేంటి?"

"నాకు నడిమిదే కావాల్సొచ్చింది రా. దీనికి రెండు సిలిండర్లు."

"రెండా? ఒకటి పనిచేస్తుంటే రెండోది కూర్చుని చూస్తుంటుందా, మా అన్నదమ్ముల్లాగా?"

గోడ పక్కన ఎండలో కూర్చున్న వాళ్లంతా నవ్వారు. సెయాబటా కూడా నవ్వాడు. నవ్వితే పోయేదేముంది? కొండల్లో పుట్టినవాడికి కంచరగాడిద తిట్టు కాదు. గుర్రం మొరాయించిన చోట, గాడిద చతికిలబడ్డ చోట, బరువు మోసుకుంటూ దాటిపోయేది అదే.

బండి కొనాలన్న ఆశ అతనికి యవ్వనంలో పుట్టింది కాదు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు. మీసాలు రాకముందే నది దాటి బంగారు గనిలోకి దిగాడు. ఇరవై ఏళ్లకు పైగా భూమి అడుగున రాతికి డ్రిల్లు పట్టాడు. ఆ యంత్రపు వణుకు అతని చేతుల్లోకి ఎక్కి అక్కడే ఉండిపోయింది. చలికాలం వస్తే వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లబడతాయి. టీ లోటా పట్టుకున్నా దాని వేడి తెలియదు. భార్య మాతెబోహో రోజూ పొద్దున్నే అతని చేతులను తన అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దుతుంది. పెళ్లయిన కొత్తలో సిగ్గుపడి చేయని పని, ఇప్పుడు పొయ్యి రాజేసినంత మామూలుగా చేస్తుంది.

గని అతని చేతులు తీసుకుంది కానీ ఒక మనిషిని ఇచ్చింది. పక్క మంచం మీద పడుకునే ఆయన పేరు రాలిపువో, ఊరు హా సెఖోబే. కనుమ అవతల, మేఘాల్లో ఉన్నట్టుండే ఊరు. తన రొట్టెలో సగం విరిచి ఎదుటివాడి చేతిలో పెట్టందే తినేవాడు కాదు. దేవుడి గురించి పెద్దగా మాట్లాడేవాడు కూడా కాదు. రాత్రి దీపం ఆర్పేముందు మోకరించేవాడు, అంతే. అది చూసి చూసి ఒకనాడు సెయాబటా కూడా పక్కన మోకరించాడు. తరువాత రాలిపువో ఊపిరితిత్తుల్లోకి రాతిదుమ్ము చేరింది. ఆయన్ను హా సెఖోబే గుడి వెనకే పాతిపెట్టారు. గని మూతపడి ఇంటికొచ్చాక సెయాబటాను సంఘం వాళ్లు ఉపదేశిగా పెట్టుకున్నప్పుడు, "దూరపు ఊళ్లు నాకివ్వండి" అని అతనే అడిగి తీసుకున్నాడు.

మొదట్లో గుర్రం మీద తిరిగాడు. అది ముసలిదై చచ్చిపోయింది. అరువు తెచ్చిన చిన్న బండి, ఒక్క సిలిండరుది, తోలి చూశాడు. ఎక్కుడులో అది వణికే వణుకుకు గని మళ్లీ చేతుల్లోకి వచ్చినట్టయింది. కనుమ సగంలో వేళ్లు మొద్దుబారి, బ్రేకు పట్టానో లేదో తెలియక, దిగి తోసుకుంటూ ఇంటికొచ్చాడు. ఇక పెద్ద బండ్లను అతను దగ్గరగానే చూశాడు. వేసవిలో కొండలు చూడ్డానికొచ్చే వాళ్లలో ఒకరి బండి మలుపులో పడిపోతే, లేపడానికి నలుగురు మనుషులు, వాళ్లకు సాయంగా తెఫో గుర్రం కావాల్సొచ్చాయి. పడ్డాక ఒంటరివాడు లేపలేని బండి ఒంటరి దారిలో ఎందుకు?

నది అవతలి పట్నంలో పాతబండ్ల దుకాణం పెద్దాయన అతనికి ఈ బండి చూపించాడు. వరసలో చిట్టచివర, దుప్పటి కింద, దుమ్ముపట్టి ఉంది.

"దీన్నెవరూ అడగరయ్యా. డబ్బున్నోళ్లకు ఇది చిన్నది, లేనోళ్లకు పెద్దది. పేరూ లేదు, గొప్పా లేదు. కాస్త తోలి చూడు మరి."

సెయాబటా తోలి చూశాడు. రెండు సిలిండర్లూ ఒకదాని అదురును ఒకటి మింగేస్తూ తిరుగుతున్నాయి. మెత్తని ఒక జోరు తప్ప చేతులకు ఏమీ తెలియలేదు. ముందుచక్రం పెద్దది, రాళ్లమీద దారి వెతుక్కుంటూ పోతోంది. నిలబడి తోలితే కింద బండి ఎగురుతున్నా తను కుదురుగానే ఉన్నాడు. దిగాక చేతులు ఎత్తి వేళ్లు చూసుకున్నాడు. తెల్లబడలేదు. రెండు ఆవుల్ని అమ్మి దాన్ని తెచ్చుకున్నాడు. మాతెబోహో ఆవుల్ని గురించి ఒక్కమాట అనలేదు. మర్నాడు పొద్దున అతని చేతులు రుద్దుతూ, "ఇక నాకు ఈ పని తగ్గుతుందన్నమాట," అని మాత్రం అంది.

ఆ తరువాత నాలుగేళ్లు, ఆదివారం తప్పించి ఆదివారం, కంచరగాడిద కనుమ దాటుతూనే ఉంది. చిక్కు బండి వల్ల రాలేదు, బల్ల వల్ల వచ్చింది.

ఉపదేశి వాక్యం చెప్పగలడు, పాట ఎత్తుకోగలడు, చనిపోయినవారిని మట్టిలో కలపగలడు. ప్రభువు బల్ల పరిచి రొట్టె విరవడానికి మాత్రం పాస్టరు అయ్యగారే రావాలి. పాత అయ్యగారు గుర్రమెక్కి వచ్చేవారు. ఆయన తరువాత వచ్చిన ఖౌహేలో అయ్యగారు పల్లపు దేశం మనిషి, స్థూలకాయులు, కారు ప్రమాదంలో మోకాలు చెడింది. గుర్రం ఎక్కలేరు. హా సెఖోబేకు కారు పోదు. మూడు నెలలకోసారైనా బల్ల పరచలేని చోటును సంఘంగా లెక్కపెట్టకూడదని పెద్దల సభ నియమం. అలాంటి చోట గంట దించేస్తారు, తలుపు మూస్తారు, అక్కడివాళ్లను లెబోనెంగ్ వచ్చి కలవమంటారు. అక్కడివాళ్లంటే ఎవరు? ముసలి తల్లులు, ఒకరిద్దరు ముసలి కాపరులు.

"దాచి మాట్లాడటం నాకు చేతకాదు ఉపదేశీ," అన్నారు అయ్యగారు. "వచ్చే వారం సభలో నన్నడుగుతారు. అక్కడికి నేను పోగలిగితే ఆ గుడి ఉంటుంది. పోలేకపోతే, ఉందని నేనెలా చెప్పను?"

"నా వెనక కూర్చోండయ్యా, తీసుకుపోతాను."

అయ్యగారు తన శరీరం వైపు ఒకసారి, కిటికీలోంచి కనిపించే బండి వైపు ఒకసారి చూశారు. "మోస్తుందా?"

"మోస్తుందండీ. ఒక్కటే మనవి. ఇది పరీక్ష అని వాళ్లకు చెప్పొద్దు. చెబితే భయంతో పాడతారు. వాళ్ల పాట మామూలుగా వినాలి మీరు."

చలికాలం నడిమిలో, గడ్డి మీద మంచు గట్టిపడ్డ ఆ ఆదివారం పొద్దున బయల్దేరారు. వెనక పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం సీసా. వెండి గిన్నెను అయ్యగారు కంబళి లోపల గుండెకు హత్తుకుని, రెండో చేత్తో సెయాబటా నడుము పట్టుకున్నారు. ఊరు దాటేటప్పుడు తెఫో అరిచాడు. "అయ్యగారూ, కంచరం వెనక్కాళ్లతో తంతుంది, జాగ్రత్త!"

కనుమ మొదలయ్యాక అయ్యగారి పట్టు బిగిసింది. బండి మాత్రం ఇద్దరి బరువూ తీసుకుని, గేరు తగ్గించగానే కింది నుంచి మెల్లగా, మొండిగా ఎక్కుతోంది. కాసేపటికి వెనకనుంచి సన్నగా వినిపించింది.

"ఉపదేశీ, కళ్లు తెరవచ్చా?"

"వద్దండీ. ఇంకో మలుపుంది."

ఆ మలుపులోనే, నీడలో దాగిన మంచుపలక మీద, బండి నడక వేగంతో పక్కకు ఒరిగి పడుకుంది. అయ్యగారు గిన్నెను పైకెత్తి పట్టుకుని మెత్తగా గడ్డిలో కూర్చుండిపోయారు. దెబ్బ తగల్లేదు. సెయాబటా బండికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి, ఒక్కడే దాన్ని లేపి నిలబెట్టాడు.

"ఇలా ఎన్నిసార్లు పడ్డావు?"

"లేచినన్ని సార్లేనండీ."

అయ్యగారు నవ్వారు. సెయాబటా గుండెలోని బరువు కొంచెం దిగింది.

హా సెఖోబేలో ఇనుప పట్టా ముక్కను కొట్టి గంట మోగించారు. అయ్యగారు వచ్చారని తెలిసి తల్లులంతా గుడి ముందు చేరారు. కాపరి తాత మొత్లాత్సీ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపలికి పోయి కూర్చున్నాక, అందరికన్నా ఆలస్యంగా ఒక ముసలమ్మ వచ్చి చివరి బెంచీ మీద కూర్చుంది. రాలిపువో భార్య మాలిపువో. అందరూ మెడదాకా కంబళ్లు కప్పుకుని ఉంటే ఆమె ఒంటి మీద పలచని ఊలు చొక్కా ఒక్కటే ఉంది. మోచేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. అయ్యగారి చూపు రెండుసార్లు ఆమె మీద ఆగింది. సెయాబటా కూడా చూశాడు. కంబళి ఇంట్లో మరిచిపోయిందేమో అనుకున్నాడు.

పాట బాగానే సాగింది. వయసు మళ్లిన గొంతుల్లో పగుళ్లున్నాయి కానీ ఒకరి పగులును ఇంకొకరు పూడుస్తున్నారు. అయ్యగారు రొట్టె విరిచారు. గిన్నె చేతులు మారుతూ చివరి బెంచీ దాకా పోయింది. ఆఖరి ప్రార్థన మధ్యలో సెయాబటా ముక్కుకు కాలిన ఉన్ని వాసన తగిలింది. కళ్లు మూసుకునే ఉన్నాడు. తలుపు దగ్గరున్న మొత్లాత్సీ తాత మాత్రం ఆమెన్ కోసం ఆగలేదు.

"గుర్రం కాలిపోతోంది! ఉపదేశి గుర్రం కాలిపోతోంది!"

అందరూ బయటికి పరుగెత్తారు. గోడవారగా నిలబెట్టిన బండి మీద, హ్యాండిలు నుంచి పొగగొట్టం దాకా, అంచులు చక్కగా లాగి కప్పిన కంబళి. దాని ఎడమవైపునుంచి నల్లని పొగ. ఎవరో అంట్లు కడిగిన నీళ్ల బకెట్టు తెచ్చి కుమ్మరించారు. సుయ్యిమని ఆవిరి లేచింది. సెయాబటా కంబళి లాగేశాడు. గొట్టానికి ఆనిన చోట పళ్లెమంత కన్నం పడింది. కంబళి మడత ఇంజనుకీ గొట్టానికీ మధ్య ఇరుక్కుని రాజుకున్నట్టుంది, ఎడమ సిలిండరుకు నిప్పురవ్వ అందించే తీగ కరిగి ముద్దయిపోయింది.

మాలిపువో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, నేనే కప్పాను నాయనా. ఇద్దర్ని మోసుకుని అంత ఎక్కుడెక్కి వచ్చిందిగా. చెయ్యి వేసి చూస్తే జ్వరమొచ్చినట్టు ఒళ్లు కాలిపోతోంది. చెమట మీద చలిగాలి తగిలితే ఊపిరి పట్టేస్తుందని..."

ఆ కొండల్లో అతిథికి నీళ్లివ్వకముందే అతని గుర్రానికి కంబళి కప్పుతారు. పుట్టినప్పటినుంచి ఆమెకు తెలిసిన మర్యాద అదే. నాలుగేళ్లుగా సెయాబటా బండిని గుడి వెనక ఎండలో పెట్టేవాడు కాబట్టి ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఇవాళ అయ్యగారు దిగడానికి వీలుగా ముందు పెట్టాడు.

సెయాబటాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నాళ్ల ప్రయాసా, అయ్యగారి ముందు చేసిన రుజువూ, అన్నీ ఒక తీగతో పాటు కరిగిపోయాయని అనిపించింది. నోరు తెరిచాడు. ఎదురుగా ఊలు చొక్కాలో వణుకుతున్న ఆ మనిషిని చూశాడు. తన సగం రొట్టె విరిచి ఇచ్చినవాడి భార్య. ఉన్న ఒక్క కంబళి తీసి బండికి కప్పి, చలిలో కూర్చుని పాట పాడింది.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "దీనికి చలి పట్టదని నేను ముందే చెప్పాల్సింది."

అయ్యగారు తన కంబళి పిన్ను తీసి, కంబళి ఆమె భుజాల మీద వేశారు. ఆమె వద్దు వద్దంటుంటే, తడిసి కన్నం పడ్డ దాన్ని పిండుకుని తను కప్పుకున్నారు. తరువాత బండి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"నిజం చెప్పు. ఇది నడుస్తుందా?"

"చూద్దామండీ."

స్టార్టరు నొక్కాడు. బండి దగ్గింది, కుంటింది, మళ్లీ దగ్గింది. ఆ పైన కుడి సిలిండరు ఒక్కటే అందుకుని, ఒంటికాలి మనిషి మెట్లు దిగుతున్నట్టు టకటకలాడటం మొదలుపెట్టింది. హ్యాండిలు పట్టుకున్న చేతుల్లోకి పాత గని వణుకు పాకింది.

"ఒకటి పోయినా ఒకటి లాగుతుందయ్యా. దిగుడులో ఇద్దర్నీ దించగలదు. కానీ ఊరి వెనక రెండు కొండల నడుమ మెడ ఉందే, ఆ ఎక్కుడులో ఇద్దర్ని మోయలేదు. అక్కడిదాకా మీరు నడవాలి."

అయ్యగారు మోకాలు తడుముకుని కొండ వైపు చూశారు. ఆ చూపు సెయాబటాకు నచ్చలేదు. సభలో అడిగితే ఈ చూపే జవాబవుతుందని అతనికి అర్థమైంది. అబద్ధం చెప్పమని ఎలా అడుగుతాడు? ఆయన దాచి మాట్లాడే మనిషి కాదు.

సాగనంపడానికి ఊరంతా వెంట వచ్చింది. సెయాబటా బండి మీద నిలబడి, ఇంజను ఆగిపోకుండా పట్టుకుంటూ, నడక కన్నా కొంచెమే ఎక్కువ జోరుతో ముందు పోతున్నాడు. నిటారు చోట్ల తల్లులు వెనకనుంచి తోస్తున్నారు. తోస్తూ ఒకర్నొకరు ఎగతాళి చేసుకుంటున్నారు.

"గట్టిగా తొయ్యవే, పొద్దున మొక్కజొన్న పాపా ముద్ద తినలేదా?"

"తిన్నాను. నీలాగా రెండో ముద్ద తినలేదు!"

వెనక అయ్యగారు మాలిపువో భుజం పట్టుకుని నడుస్తున్నారు. నాలుగడుగులకోసారి ఆగుతున్నారు. ఆగినప్పుడల్లా ఆమె కూడా ఆగి, తనకే ఆయాసం వచ్చినట్టు కొండవైపు తిరిగి నిలబడుతోంది, ఆయన సిగ్గుపడకుండా.

"అమ్మా, లెబోనెంగ్ ఎప్పుడన్నా నడిచొచ్చావా?"

"మా కూతురు లిపువో పెళ్లికి వచ్చానయ్యా. అప్పుడు ఈ కొండ ఇంత ఎత్తు లేదు. ఏటేటా పెరుగుతోంది." నవ్వి, మళ్లీ మొహం చిన్నబుచ్చుకుంది. "ఈసారి మీరొచ్చినప్పుడు ఇలా జరగనివ్వను. మీ గుర్రాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వను. గోడ చాటున ఊరికే నిలబెట్టిస్తాను. ఎప్పుడొస్తారయ్యా?"

మెడ దాకా ఇంకొంచెమే ఉంది. ఆ కొంచెమూ అయ్యగారు ఆమె మీద బరువు వేసే నడిచారు. పైకి చేరాక ఒక రాయి మీద కూర్చుని, ఎక్కి వచ్చిన దారినీ, అవతల లోయలోకి మలుపులు తిరుగుతూ పోయే దారినీ చాలాసేపు చూశారు. ఊపిరి కుదుటపడ్డాక తల్లులను దగ్గరకు పిలిచారు.

సెయాబటా పదడుగుల దూరంలో ఉన్నాడు. ఇంజను ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని భయం. చేతులు మొద్దుబారాయి. టకటకల మధ్య అయ్యగారి పెదవులు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. చెయ్యి చాపి లోయ వైపు చూపించారు. మోకాలు చూపించారు. తల అడ్డంగా ఆడించారు. సెయాబటా కళ్లు దించుకుని పెట్రోలు మూత వైపు చూస్తూ, ప్రభువా నీ చిత్తం, అనుకున్నాడు. అలా అనుకోవడం ఎప్పుడూ నోటికి తేలికే. మనసుకు ఆ రోజు చాలా కష్టమైంది.

అప్పుడు ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ లిలిలిలి అని పెట్టిన కేక కొండంతా మోగింది. పెళ్లికీ, పుట్టుకకీ పెట్టే కేక అది. ఒంటి సిలిండరు మోతను మింగేసి అతని దాకా వచ్చింది.

అయ్యగారు కుంటుకుంటూ వచ్చి వెనక ఎక్కి కూర్చున్నారు.

"ఏం చెప్పారయ్యా?" సెయాబటా అరిచాడు.

"చలి పోయి పీచు చెట్లు పూసేటప్పటికి మళ్లీ వచ్చి బల్ల పరుస్తానన్నాను!" ఆయన కూడా చెవి దగ్గర అరిచారు. "ఈ మోకాలితో ఒక్క మెడ ఎక్కేసరికి నా పని ఇట్లా అయింది. వాళ్లను నెలనెలా కనుమంతా దాటి రమ్మని నేను చెప్పలేనన్నాను. సభలో కూడా అదే చెబుతాను. నీకు అభ్యంతరమా?"

సెయాబటా క్లచ్చి వదిలాడు. బండి కుంటుతూ దిగుడులోకి వాలింది.

మొదటి మలుపు దాటాక వెనకనుంచి అయ్యగారు అతని రెండు చేతుల మీదుగా తన చేతులు చాపి, హ్యాండిలు పట్టిన అతని వేళ్లను కప్పి పట్టుకున్నారు. ఆ వణుకు ఆయనకూ తెలిసినట్టుంది. లెబోనెంగ్ చేరేదాకా అలాగే పట్టుకుని ఉన్నారు.